లండన్ మీదుగా వద్దు, మేస్టారూ

రాత్రి తొమ్మిది కావస్తోంది. చోడవరంలో బీఎన్ రోడ్డు పక్కన కొట్లు ఒక్కొక్కటే కట్టేస్తున్నారు. చెరకు ట్రాక్టరొకటి గుంతల్లో పడుతూ లేస్తూ వెళ్లింది. మీరు టికెట్ల షాపులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నారు. షట్టర్ సగం దించి ఉంది. కౌంటర్ మీద మీ ఫోన్, స్పీకర్ ఆన్‌లో ఉంది. అవతల డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మీ తమ్ముడు. అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర.

కౌంటర్ వెనక కుర్రాడు ఒకప్పుడు మీ దగ్గర తొమ్మిదో తరగతి చదువుకున్నాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి హైదరాబాద్ మీదుగా గల్ఫ్ వెళ్లేవాళ్లకీ, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకీ టికెట్లు కొడుతుంటాడు.

"అన్నయ్యా, డల్లాస్ నుంచి లండన్, లండన్ నుంచి హైదరాబాద్. ముగ్గురికీ కలిపి చూస్తే మిగతావాటికన్నా బాగా తక్కువ పడుతోంది. హీత్రూలో నాలుగు గంటలు కూర్చోవాలి, అంతే" అంటున్నాడు తమ్ముడు.

"ముందు పాస్‌పోర్టులు పంపండి సార్. వీసా పేజీ కూడా" అంటాడు కుర్రాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

ఫోన్ మూడుసార్లు టింగుమంది. మొదటి ఫొటో మీ తమ్ముడిది. కుర్రాడు రెండు వేళ్లతో పెద్దది చేసి మీ వైపు తిప్పాడు. పేజీకి అడ్డంగా అతికించిన అమెరికా వీసా స్టిక్కర్. ఎడమ పక్క తమ్ముడి ఫొటో, ఇప్పటికంటే జుట్టు ఎక్కువున్న రోజుల్లోది. జారీ చేసిన చోటు హైదరాబాద్. తరగతి హెచ్-1బీ, ఉద్యోగ వీసా. కింద చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, పిటిషన్ నంబరు. కుర్రాడి గోరు వాటన్నిటినీ దాటుకుని కుడివైపు గడువు తేదీ దగ్గర ఆగింది. ఆ తేదీ వెళ్లిపోయి మూడేళ్లు దాటింది.

మీ గుండె ఝల్లుమంది. మూడేళ్లుగా వీడక్కడ వీసా లేకుండా ఉంటున్నాడా?

"అలగేం కాదు మేస్టారూ" అంటాడు కుర్రాడు, మీ మొహం చూసి. "ఈ స్టిక్కరు అమెరికా గుమ్మం దగ్గరికి వెళ్లి లోపలికి రానిమ్మని అడగడానికి. లోపలికి వెళ్లాక ఎన్నాళ్లుండొచ్చన్నది ఐ-94 చెబుతాది. కంపెనీ పొడిగింపు అడిగింది, ఐ-797 అని మంజూరు కాగితం వచ్చింది, ఐ-94 తేదీ ముందుకు జరిగింది. ఆయన దేశం దాటి బయటికి రాలేదు కాబట్టి కొత్త స్టిక్కరుతో పని పడలేదు. అక్కడ మనోళ్లలో సగంమంది ఇలాగే ఉంటారు. తప్పేం లేదు."

తప్పు లేదు. కానీ ఇప్పుడు బయటికి రావాల్సి వచ్చింది. మీ తమ్ముడి ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అమెరికా ఇచ్చే గడువు మహా అయితే 60 రోజులు. ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే అప్పటివరకే. ఆ లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే వేరే స్టేటస్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి, రెండూ కాకపోతే విమానం ఎక్కాలి. తమ్ముడు ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలిచ్చాడు. రేపు మాపు అంటూ రోజులు కరిగిపోయాయి. ఇప్పుడు మూడు వారాలు కూడా మిగల్లేదు.

"ఐ-797 నా దగ్గరే ఉందిగా. అడిగితే చూపిస్తాను" అంటున్నాడు ఫోన్లో.

కుర్రాడు జవాబివ్వకుండా తెర మీద ఏదో కొట్టాడు. పాస్‌పోర్టు ఏ దేశానిది, ఎక్కడ ఎక్కుతున్నారు, ఎక్కడ మారుతున్నారు, ఎక్కడికి చేరుతున్నారు. తెర మీద వరసలు దిగాయి. దాని పేరు టిమాటిక్. ప్రపంచ విమానయాన సంస్థల సంఘం అయాటా నడిపే పట్టిక. ఏ పాస్‌పోర్టువాడు ఏ విమానాశ్రయంలో మారాలంటే ఏ కాగితం చూపించాలో అందులో ఉంటుంది. డల్లాస్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నిలబడే అమ్మాయి కూడా ఇదే చూస్తుంది.

ఆ కౌంటర్ దగ్గరికి ఒక్కసారి మీరూ వెళ్లండి. డల్లాస్ విమానాశ్రయంలో మీ తమ్ముడి వెనకే వరసలో నిలబడ్డారనుకోండి. ట్రాలీ మీద ఆరు పెద్ద పెట్టెలు. సోఫా అమ్మేశారు, కారు అమ్మేశారు, అపార్ట్‌మెంట్ తాళాలు అప్పజెప్పేశారు. పాప పెట్టె మీద కూర్చుని కాళ్లూపుతోంది. కౌంటర్ అమ్మాయి నవ్వుతూ పాస్‌పోర్టులు తీసుకుంది. మొదటిది తెరిచింది, పేజీలు తిప్పింది, స్టిక్కర్ దగ్గర ఆగింది. తేదీ చూసింది. తెర చూసింది. మళ్లీ తేదీ చూసింది.

"లండన్‌లో ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లం" అంటాడు మీ తమ్ముడు. ఆ అమ్మాయి అడగబోయేది అది కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు హీత్రూలో బయటికి వెళ్లకుండా లోపల్లోపలే విమానం మారినా, డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఏదో ఒకటి ఉంటే అక్కర్లేదు. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా అక్కర్లేదు. అమెరికా నుంచి తిరిగొస్తున్నవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది: చెల్లే వీసాతో చివరిసారి ఆ దేశంలో అడుగుపెట్టి ఆరు నెలలు దాటకపోతే, ఈలోగా వీసా గడువు తీరిపోయినా పోనిస్తారు. మీ తమ్ముడు చివరిసారి అడుగుపెట్టి ఏళ్లయింది.

మరి ఐ-797? చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బ్రిటన్ రూల్లో ఐ-797 మాట ఉంది. అయితే అది గ్రీన్‌కార్డు వాళ్ల కోసం: కార్డు గడువు దాటినా, పొడిగించామని చెప్పే ఐ-797 ఉత్తరం జతగా ఉంటే చెల్లుతుంది. అదే నంబరున్న ఫారం హెచ్-1బీ వాళ్ల దగ్గరా ఉంటుంది, కానీ దాన్ని వీసాగా లెక్కపెట్టరు. ఎవరో స్నేహితుడు ఐ-797 చూపించి దాటేశానని చెబుతాడు. అతనిది గ్రీన్‌కార్డు అన్న సంగతి చెప్పడం మర్చిపోతాడు.

కౌంటర్ అమ్మాయి కఠినురాలేం కాదు. ఆమె వెనక ఒక చట్టం ఉంది. 1987 ఫిబ్రవరిలో శ్రీలంక అంతర్యుద్ధం నుంచి పారిపోయిన తమిళులు కొందరు హీత్రూలో దిగి ఆశ్రయం కోరారు. వెనక్కి పంపబోతే విమానాశ్రయంలోనే బట్టలు విప్పి నిరసన తెలిపారు. అదే ఏడాది బ్రిటన్ చట్టం చేసింది: సరైన కాగితాల్లేని ప్రయాణికుణ్ని తెచ్చిన విమాన సంస్థ తలకి వెయ్యి పౌండ్లు కట్టాలని. తర్వాత దాన్ని రెండు వేలు చేశారు. ఐరోపా యూనియన్ 2001లో తనవంతుగా జరిమానాలు పెట్టమంది: కనీస జరిమానా మూడు వేల యూరోలకి, లేదంటే గరిష్ఠ జరిమానా అయిదు వేల యూరోలకి తగ్గకూడదని. దాంతో సరిహద్దు కాపలా విమాన సంస్థల కౌంటర్లకి బదిలీ అయింది. పైగా అమెరికా నుంచి వెళ్లిపోయేటప్పుడు స్టాంపు వేసే ఇమిగ్రేషన్ కౌంటరంటూ ఉండదు. మీ తమ్ముడి కాగితాలు తిరగేసి చూసేది ఈ అమ్మాయే. అనుమానం వస్తే ఎక్కించకపోవడమే ఆమెకి క్షేమం. ఒకసారి ఎక్కనివ్వలేదంటే లండన్‌లో ఎవరికి చెప్పుకున్నా లాభం లేదు. మీరు లండన్ దాకా వెళ్లనే లేదు.

చోడవరం తిరిగి రండి. కుర్రాడు కుర్చీ వెనక్కి వాల్చాడు.

"లండన్ మీదుగా వద్దు, మేస్టారూ."

"ట్రాన్సిట్ వీసాకే అప్లై చేస్తే?" అంటాడు తమ్ముడు.

"చెయ్యొచ్చు సార్. వేలిముద్రలకి వెళ్లాలి. మామూలుగా మూడు వారాల్లో జవాబిస్తామంటారు. మీకు మూడు వారాల్లేవు కదా."

ఫోన్ అవతల కాసేపు మాట లేదు. వెనక పాప ఏదో ఇంగ్లీషులో అడుగుతోంది. మీ మరదలు తెలుగులో సర్దిచెబుతోంది.

కుర్రాడు రెండో ఫొటో తెరిచాడు. అది మీ మరదలిది. ఇక్కడ కథ మారిపోయింది. రెండేళ్ల కిందట వాళ్ల అన్నయ్య పెళ్లికి ఆమె ఒక్కతే పాపని తీసుకుని వచ్చింది. తమ్ముడికి సెలవు దొరకలేదు. అప్పుడే హైదరాబాద్‌లో, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 స్టిక్కర్ కొత్తది వేయించుకుని వెళ్లింది. గడువు ఇంకా ఉంది. తెర మీద లండన్ ఆమెకి పచ్చజెండా ఊపింది.

మూడో ఫొటో పాపది. నీలం అట్ట, బంగారు రంగు గద్ద. నాలుగేళ్ల పిల్ల, ఇర్వింగ్‌లో పుట్టింది, అమెరికా పౌరురాలు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, టొరంటో, ఎక్కడైనా సరే, విమానం మారడానికి ఈ పిల్లని ట్రాన్సిట్ వీసా అడిగేవాళ్లు లేరు.

ఒకే ఇల్లు, ఒకే టికెట్. నాన్నని ఆపుతారు, అమ్మని స్టిక్కర్ చూసి వదుల్తారు, పాపని అసలు అడగనే అడగరు.

"అంటే వాళ్లిద్దరూ లండన్ మీదుగా, వీడు వేరే దారిన రావాలా?" మీరే అడుగుతారు.

"అంత దూరం వద్దండి. అందరికీ పనికొచ్చే దారి చూద్దాం" అంటూ కుర్రాడు వేళ్లు విరిచాడు. తొమ్మిదో తరగతిలో లెక్క చేయబోయే ముందు కూడా వీడిలాగే విరిచేవాడు.

టొరంటో? కెనడా ట్రాన్సిట్ వీసాకి రుసుము తీసుకోదు, కానీ వీసా మాత్రం ముందుగా ఉండాల్సిందే. డబ్బు మిగిలినా రోజులు మిగలవు. కొట్టేశాడు.

ఫ్రాంక్‌ఫర్ట్? అక్కణ్నుంచి హైదరాబాద్‌కి 2024 జనవరి నుంచి నేరుగా విమానం ఉంది. "జర్మనీ మనవాళ్లకి ట్రాన్సిట్ వీసా ఎత్తేస్తున్నట్టు పేపర్లో చదివాన్రా" అంటారు మీరు. నిజమే. ఐరోపా యూనియన్ దేశాలన్నీ కలిసి ట్రాన్సిట్ వీసా అడిగే దేశాల ఉమ్మడి జాబితాలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక ఉన్నాయి గానీ భారత్ లేదు. అయినా సభ్యదేశాలు విడిగా జోడించుకోవచ్చు కాబట్టి జర్మనీ మన పాస్‌పోర్టుకి ఆ వీసా పెట్టింది. గడువు తీరిన స్టిక్కర్‌తో వచ్చే హెచ్-1బీ వాళ్లకి అక్కడా ఐ-797 పనిచేసేది కాదు. 2026 జనవరిలో ఛాన్సలర్ మెర్జ్ మన దేశానికి వచ్చినప్పుడు భారతీయులకి ఈ వీసా అక్కర్లేకుండా చేస్తామని జర్మనీ ప్రకటించింది.

"పేపర్లో రావడం వేరు, ఈ తెర మీదకి రావడం వేరు మేస్టారూ. టికెట్ కొట్టిన రోజు కాదు, ఎక్కే రోజున తెర మీద ఏముంటే అదే రూలు. ఇలాంటివి మారుతూనే ఉంటాయి. కాలం కలిసొచ్చినవాడు చూసుకుని వెళ్లొచ్చు. రోజులు లెక్కపెట్టుకుంటున్నవాడికి ఎందుకా పరీక్ష?" అన్నాడు కుర్రాడు. ఇంకో మాట కూడా కలిపాడు: ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, ప్యారిస్ వెళ్లి, అక్కణ్నుంచి ఇండియా అంటే అది ట్రాన్సిట్ లెక్కలోకి రాదు. రెండు ఊళ్లూ ఒకే వీసాతో నడిచే షెంజెన్ దేశాల్లోవే కాబట్టి మధ్యలో ఆ దేశాల లోపలికి అడుగుపెట్టినట్టే. దానికి పూర్తి షెంజెన్ వీసా ఉండాలి.

దుబాయ్, దోహా. రెండింటికీ డల్లాస్ నుంచి విమానాలున్నాయి, రెండింటి నుంచీ హైదరాబాద్‌కి ఉన్నాయి. విమానాశ్రయం దాటి బయటికి రాకుండా మారేవాళ్లని అక్కడ వీసా అడగరు. పాస్‌పోర్టు చెల్లితే చాలు, అందులో అమెరికా స్టిక్కర్ తేదీ ఏమైందో ఎవరికీ పట్టదు. అమెరికాలో తెలుగువాళ్లు ఈ గల్ఫ్ దారుల్ని అంతగా పట్టుకుని వేలాడటానికి బిర్యానీ ఒక్కటే కారణం కాదు.

"ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోవాలి" అంటాడు కుర్రాడు, ఈసారి ఫోన్ వైపు వంగి. "చౌకని చెప్పి డల్లాస్ నుంచి దోహా ఒకటి, దోహా నుంచి హైదరాబాద్ ఒకటి విడివిడిగా కొనకండి సార్. అలా కొంటే దోహాలో పెట్టెలు మీరే తీసుకోవాల్సి రావచ్చు. పెట్టెల కోసం బయటికి రావాలి. బయటికి రావాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. అప్పుడు రూలు మారిపోద్ది."

దోహా టికెట్ లండన్ దానికన్నా ఎక్కువ. తమ్ముడు అవతల లెక్కలు వేస్తున్నాడని ఊపిరిలోనే తెలుస్తోంది. "కంపెనీ టికెట్ డబ్బు ఇవ్వాలట కదా" అని మీరు గుర్తుచేస్తారు. ఇవ్వాలి. గడువు ముగియకముందే హెచ్-1బీ ఉద్యోగిని తీసేస్తే, స్వదేశానికి వెళ్లడానికి సబబైన ఖర్చు ఆ కంపెనీయే భరించాలని అమెరికా నిబంధన. అయితే ఉద్యోగికి మాత్రమే. భార్య, పిల్ల టికెట్లు అతని నెత్తినే.

"సరే, దోహాయే కానీ" అన్నాడు తమ్ముడు చివరికి. "ముగ్గురికీ వన్ వే."

మీరు ఆ మాట వినడం ఇదే మొదటిసారి. ఇంతవరకూ "వస్తున్నాం" అన్నాడు గానీ "వచ్చేస్తున్నాం" అనలేదు.

కుర్రాడు పేర్లు కొట్టడం మొదలెట్టాడు. పాప పేరు దగ్గర ఆగాడు.

"పాపకి ఓసీఐ, అదే భారత సంతతివాళ్లకిచ్చే కార్డు, ఉందా సార్?"

"లేదు. పోయినసారి ఈ-వీసా మీద వచ్చింది. అది అయిపోయింది. మళ్లీ అదే వేస్తే సరిపోదా?"

"ఈ-వీసాకి కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. అది పెద్ద పనేం కాదు. కానీ అది టూరిస్టు వీసా సార్. తిరుగు టికెట్ చూపించాలంటుంది రూలు. అమెరికావాళ్లయితే ఏడాదికి 180 రోజులు దాటి ఉండటానికీ లేదు. తాతగారింటికి వచ్చి వెళ్లే పిల్లకి చాలు. ఇక్కడ స్కూల్లో చేర్చే పిల్లకి చాలదు."

మీరు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నారు. అన్ని దేశాల విమానాశ్రయాలూ దారిచ్చిన పిల్లకి చోడవరం రావడానికి కాగితం కావాలి. ఏ విమానాశ్రయం దగ్గర ఆగిపోతాడో తెలియని మీ తమ్ముడికి హైదరాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టు మీద స్టాంపు కొట్టి పంపేస్తాడు. వాడు భారతీయుడు, వాడి దేశానికి వాడు వస్తున్నాడు. పిల్లకి మాత్రం సొంత తాతగారి ఊరు విదేశం.

"ఈ రోజే ఓసీఐ వేయండి. అమెరికాలో వీఎఫ్ఎస్ ద్వారా వెళ్తాది. అమ్మానాన్నా ఇద్దరూ భారత పౌరులే కాబట్టి పాపకి అర్హత ఉంది. మీ గడువు లోపల వచ్చేట్టు కనబడకపోతే, ఎంట్రీ వీసా అని ఒకటుంది, భారతీయుల పిల్లలకి ఇస్తారు. దాని సంగతీ కాన్సులేట్‌లో కనుక్కోండి. టూరిస్టుగా దింపేసి తర్వాత సర్దుకుందామనుకుంటే ఇక్కడ తిప్పలొస్తాయి" అని కుర్రాడు ఒక్కొక్కటే చెబుతున్నాడు. తమ్ముడు రాసుకుంటున్నాడు. పెన్ను కాగితం మీద గీసుకునే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

"మరి నా గడువు?"

"మీ గడువు మీదీ, మేడం గారిదీ. పాప అమెరికా పౌరురాలు, తనకి గడువే లేదు. కానీ మీరిద్దరూ వచ్చేశాక తనని అక్కడ ఎవరి దగ్గర ఉంచుతారు? అందుకని పాప కాగితం వచ్చేదాన్ని బట్టే మీ టికెట్ తేదీ. ఇప్పుడు సీట్లు పట్టి ఉంచుతాను. డబ్బు కట్టడానికి ఎయిర్‌లైన్ రేపు రాత్రి వరకు గడువిచ్చింది. మీకక్కడ పొద్దున్నే కదా, కాన్సులేట్‌కి ఫోన్ చేసి, ఏది ఎన్నాళ్లు పడుతుందో తెలుసుకుని నాకు చెప్పండి."

ప్రింటర్ గరగరమని కాగితం తీసింది. డల్లాస్, దోహా, హైదరాబాద్, విశాఖపట్నం. హైదరాబాద్‌లోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అయిపోతాయి, పెట్టెలు అక్కడ తీసుకుని మళ్లీ విశాఖ విమానానికి ఇవ్వాలి. మూడు పేర్లు. తిరుగు ప్రయాణం గడిలో ఏమీ లేదు. కుర్రాడు డబ్బులు తీసుకోలేదు. "టికెట్ కొట్టినప్పుడు చూద్దాం మేస్టారూ."

మీరు ఫోన్ స్పీకర్ తీసేసి చెవి దగ్గర పెట్టుకుని రోడ్డు మీదకి వచ్చారు.

"అన్నయ్యా, ముందు పాప కాగితం చూస్తాను. అది తేలితే టికెట్. టికెట్ చేతికొచ్చాక నాన్నకి చెబుదాం. అప్పటిదాకా నువ్వేం అనకు" అంటున్నాడు తమ్ముడు. ఇంట్లో మీ నాన్నగారికి ఇంకా ఏమీ తెలీదు. రోజూ రాత్రి భోజనం దగ్గర "చిన్నాడు ఫోన్ చేశాడా" అని అడుగుతారు. చేశాడని మీరంటారు. ఆయన గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన రోజుల్లో ఆ డబ్బుతోనే ఈ చిన్నాణ్ని ఇంజినీరింగు చదివించారు.

"వరస మార్చరా" అంటారు మీరు. "నీకక్కడ ఇంకా పొద్దున్నే, కాన్సులేట్ ఎక్కడికీ పోదు. టికెట్‌కి రేపు రాత్రి వరకు టైముంది. నాన్న ఇంకా పడుకోలేదు. నేను ఇంటికెళ్లేలోగా నువ్వే ఫోన్ చేసి చెప్పు."